సత్యభామ రాసుకున్న పాట

నాటకం మొదలయ్యే వేళయింది. చంద్రమతి రాలేదు.

1920 ప్రాంతం. ఊరు బాపట్ల. ఆ రాత్రి ఆడాల్సింది హరిశ్చంద్ర. ఆనాటి నాటకాల తీరు తెలిసినవాళ్లకు ఆ రాత్రిని ఊహించుకోవడం కష్టం కాదు. తెర వెనక ఎవరి మొహానికి వాళ్లు రంగు పూసుకుంటుంటారు. హార్మోనియం మీద శ్రుతి సరిచూస్తుంటారు. తెర ముందు చాపలు పరుచుకుని కూర్చున్న జనం ఈలలు మొదలుపెట్టి ఉంటారు. చంద్రమతి వేషం కట్టే నటుడి కోసం వీధి చివరిదాకా మనిషిని పంపి ఉంటారు. ఆ మనిషి ఒంటరిగా తిరిగొచ్చి ఉంటాడు.

ఏ మంత్రి వేషమో, భటుడి వేషమో అయితే ఎవరో ఒకరు ఎక్కి నెట్టుకొస్తారు. చంద్రమతి లేకపోతే హరిశ్చంద్రుడు కాశీ వీధిలో ఎవర్ని అమ్ముతాడు? పాము కరిచి పడిపోయిన లోహితుణ్ని కాటికి ఎవరు మోసుకెళ్తారు? పైగా ఆ రోజుల్లో కోస్తా నాటక సమాజాల్లో ఆడవేషం మగవాడే కట్టాలి. గొంతు, నడక, ఒంటి తీరు మూడూ కుదిరిన మగవాడు నిలుచున్న పాళాన దొరకడు.

దొరికాడు. ఇంకా ఇరవై ఏళ్లు నిండని బాపట్ల కుర్రాడొకడు తాను కడతానని ముందుకొచ్చాడు. చీర కట్టారు, సవరం పెట్టారు, తెర ఎత్తారు. ఆ రాత్రి నాటకం ఆగలేదు. ఆ కుర్రాడూ ఆగలేదు. తర్వాత నాలుగు దశాబ్దాల పాటు తెలుగు రంగస్థలం మీద రాణులకూ, వేశ్యలకూ, పట్టమహిషులకూ అతనే రూపం. పేరు స్థానం నరసింహారావు. పుట్టింది 1902 సెప్టెంబరు 23న.

ఈ కథ ఆయనది కాదు, ఆయన రాసిన ఒక పాటది. అయితే ఆ పాట పుట్టుకకు కారణమైన సంగతులు బాపట్లలో మొదలు కాలేదు. వాటి కోసం మూడు దశాబ్దాలు వెనక్కి, నాలుగు జిల్లాలు పడమటికి పోవాలి.

బళ్లారి వకీళ్లు

గుంతకల్లు నుంచి రాయచూరు పోయే రైలు ఆదోని దాటాక, మంత్రాలయం రోడ్డు రాకముందు కోసిగిలో ఆగుతుంది. చుట్టూ బండరాళ్ల కొండలు, పత్తి చేలు, మిరప చేలు. వాన మొహం చాటేసిన ఏడాది ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరపకోతలకో, బెంగళూరు, హైదరాబాదుల్లో ఇళ్లు కట్టే పనులకో పిల్లాపాపలతో పోతారు. ఆ పోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. ఇప్పుడిది కర్నూలు జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లా, ఆదోని తాలూకా. ఇక్కడి మాటలో కన్నడం పలకడానికి కారణం ఎదురుగానే ఉంది.

ఆ బళ్లారిలోనే తెలుగు నాటకానికి గొంతు వచ్చింది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఆడించిన 'వ్యవహార ధర్మబోధిని' వచన నాటకం. పాత్రలు మాట్లాడతాయి, పాడవు. ఏడేళ్లకు బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'చిత్రనళీయం' ఆడించాడు. అందులో పాత్రలు పద్యం ఎత్తుకున్నాయి, పాట అందుకున్నాయి. నలుడికి దుఃఖం వస్తే రాగం తీస్తాడు. దమయంతికి కోపం వస్తే పాడుతుంది. జనం ఊగిపోయారు. వృత్తికి వకీలైన ఆచార్యులు సరసవినోదినీ సభ పెట్టి పదుల సంఖ్యలో నాటకాలు రాశాడు, ఆడాడు. 'విషాద సారంగధర'తో తెలుగులో విషాదాంత నాటకానికి దారి వేశాడు. ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడన్నారు. అదే ఊళ్లో ఇంకో వకీలు కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పెట్టి పోటీకి దిగాడు. ఒక్క ఊళ్లో రెండు సభలు పంతం పట్టి ఆడుతుంటే చుట్టుపక్కల తాలూకాలు నిద్రపోతాయా?

అక్కణ్నుంచి పాట లేని నాటకం నాటకమే కాదన్న కాలం వచ్చింది. చూడవచ్చిన జనం వినవచ్చిన జనంగా మారారు. వన్స్‌మోర్ అన్న కేక పుట్టింది. పద్యం బాగుంటే మళ్లీ పాడాలి. ఇంకా బాగుంటే ఇంకోసారి. కత్తి దెబ్బకు కూలిన వీరుడు వన్స్‌మోర్ వినపడితే లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడని ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు వచ్చారు. నటుడి కంటే గొంతు పెద్దదైంది.

దీన్ని ఎదిరించినవాడు కూడా బళ్లారి నుంచే వచ్చాడు. అతనూ వకీలే. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ స్వయానా ధర్మవరం వారి మేనల్లుడు. మేనమామ నాటకంలోకి తెచ్చిన పాట నాటకాన్నే మింగేస్తోందని మేనల్లుడికి అనిపించింది. సాగదీసిన రాగాలు వద్దన్నాడు. మాటలో, చూపులో, మౌనంలో పాత్ర పలకాలన్నాడు. ఆడవేషం ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న స్త్రీలను తన సరసన రంగం మీదికి తెచ్చాడు. కడప జిల్లా సురభి వాళ్లు మాత్రం ఈ వాదాలకు దూరంగా, ఇంటి ఆడపడుచులతోనే ఆడవేషాలు కట్టిస్తూ ఊరూరా తిరుగుతున్నారు. 1885లో 'కీచకవధ'తో మొదలైన సమాజం వాళ్లది.

పాట కావాలన్న మేనమామ, పాట తగ్గాలన్న మేనల్లుడు. ఆడవేషం మగవాడికి తగదన్న వాదన ఒకపక్క, మగవాడు తప్ప గతిలేని సమాజాలు ఇంకోపక్క. తెలుగు నాటకం ఈ తగవుల మధ్య ఉన్న రోజుల్లో బాపట్ల కుర్రాడు చీర కట్టాడు. కాబట్టి అతను పాడే పాట ఉత్త పాటగా ఉంటే కుదరదు. అది నటించే పాట కావాలి.

భామకు మాట చాలలేదు

బాపట్ల నుంచి స్థానం తెనాలి చేరాడు. శ్రీరామ విలాస సభలో సభ్యుడయ్యాడు. రోషనార, చిత్రాంగి, దేవదేవి, చింతామణి, అనార్కలి, మధురవాణి. ఒక్కో వేషానికి ఒక్కో నడక, ఒక్కో కట్టు, ఒక్కో గొంతు. ఆయన చీర కట్టు చూసి నేర్చుకోవడానికే ఆడవాళ్లు నాటకానికి వచ్చేవాళ్లని పేరు. కానీ ఈయన సొమ్మనదగ్గ వేషం ఒకటే. ముత్తరాజు సుబ్బారావు రాసిన 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ.

కథ అందరికీ తెలిసిందే. ఎనిమిది మంది భార్యల్లో కృష్ణుడు తన ఒక్కదానివాడే కావాలని భామ కోరిక. నారదుడు వచ్చి పుణ్యక వ్రతం చెబుతాడు. భర్తను దానమివ్వాలి, ఎత్తు బంగారం ఇచ్చి విడిపించుకోవాలి. అలా చేస్తే మొగుడు కొంగున ముడివడి ఉంటాడన్నమాట. నమ్మింది. నగలన్నీ తక్కెట్లో వేసింది. సిబ్బి కదల్లేదు. ఆఖరికి రుక్మిణి భక్తితో వేసిన ఒక్క తులసిదళానికి త్రాసు ఒరిగింది.

నటుడి కంటితో ఈ కథ చూడండి. కీలకం త్రాసు ఘట్టం అనుకుంటాం. కాదు. త్రాసు దగ్గర కృష్ణుడు కూర్చుని నవ్వుతాడు, రుక్మిణి వచ్చి గెలుస్తుంది, నారదుడు చమత్కారాలాడతాడు. భామకు మిగిలింది ఏడుపొక్కటే. భామ నాటకాన్ని తన చేతిలోకి తీసుకోవాలంటే అంతకు ముందే తీసుకోవాలి. వ్రతం సంగతి విన్నాక, అది చేయకముందు, ఇంట్లో అద్దం ముందు నిలబడి ఇక నా మాటకు తిరుగులేదు అనుకునే ఆ కాసేపట్లో. అక్కడ ఆమె ఎంత ఎత్తుకు ఎక్కితే త్రాసు దగ్గర అంత లోతుకు పడుతుంది. నాటకం బరువంతా ఆ ఘడియ మీద ఉంది.

ముత్తరాజు వారి రచనలో ఆ చోట ఈ పాట లేదు. భామకు ఉన్న మాట ఆ వేషం కట్టినవాడికి చాలలేదు. ఆయన కవి కాదు, వాగ్గేయకారుడు కాదు. కానీ భామ ఒంట్లో తిరుగుతున్నవాడు. భామ ఏమంటుందో కవి కంటే ఆయనకే తెలుసు. ఆయనే రాసుకున్నాడు. 'మీరజాలగలడా' అన్న పాట అలా పుట్టింది.

దాంట్లో కథ లేదు, వర్ణన లేదు, నీతి లేదు. తన ఆజ్ఞ దాటడం భర్తకు సాధ్యమా అని ఒక భార్య వేసుకునే ప్రశ్న, అంతే. ప్రశ్న కాబట్టే అందులో నటుడికి చోటు దొరికింది. జవాబు చెప్పేస్తే పాట ఒక్క రకంగానే పాడాలి. ప్రశ్నను ఎన్ని రకాలుగానైనా అడగవచ్చు. ధీమాగా అడగవచ్చు. చెలికత్తెను చూసి కన్ను గీటుతూ అడగవచ్చు. సవతిని తలుచుకుని మూతి విరుస్తూ అడగవచ్చు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, లోపల గుబులు పుట్టి నిజంగానే అడగవచ్చు.

స్థానం చేసింది ఇదే. పల్లవిని పట్టుకుని తిప్పి తిప్పి పాడేవాడు. పాడిన ప్రతిసారీ కన్ను మారేది, భుజం మారేది, పైట సర్దే చేయి మారేది. వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడేవాడు, కానీ పాడిందే పాడేవాడు కాదు. రాగం కోసం భావాన్ని ఆపేవాళ్లను రాఘవ తప్పుపట్టాడు. ఇక్కడ రాగం ఎంత తిరిగితే భావం అంత తిరుగుతోంది. బళ్లారి మేనమామ తెచ్చిన పాటకూ, బళ్లారి మేనల్లుడు అడిగిన నటనకూ ఈ ఆడవేషగాడి గొంతులో సంధి కుదిరింది.

పాట నాటకాన్ని దాటింది. గ్రామఫోను ప్లేటు మీదికి ఎక్కి, తెనాలి మొహం చూడని ఊళ్లకు చేరింది. స్థానం వేషాలు సముద్రం కూడా దాటాయి. 1938లో రంగూన్‌లోని తెలుగువాళ్లు ఆయన తలకు బంగారు కిరీటం పెట్టారు. 1942లో వై.వి.రావు తీసిన 'సత్యభామ' సినిమాలో ఆయన నటించాడు, కృష్ణుడిగా. భామగా పుష్పవల్లి నటించింది. నాటకంలో కృష్ణుణ్ని కొంగున కట్టుకోవాలని చూసినవాడు తెర మీద కృష్ణుడై నిలబడ్డాడు. 1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 'నటస్థానం' పేరుతో అనుభవాలు రాసుకున్నాడు. 1971 ఫిబ్రవరి 21న పోయాడు.

అప్పటికి ఆ పాట ఆయన చేయి దాటి చాలాకాలమైంది.

ఎవరి గొంతుకు వాళ్లది

ఒక నాటకం కోసం పుట్టి, నాటకాన్ని వదిలేసి, దొరికిన ప్రతి గొంతులోనూ కొత్తగా బతికే పాటలు ప్రపంచమంతా ఉన్నాయి. ఎక్కువగా కనిపించేది న్యూయార్కులో. అక్కడ బ్రాడ్‌వే వీధి నాటకశాలల్లో పాటలతో నడిచే నాటకాలు ఆడతారు. జాజ్ వాద్యగాళ్లు ఆ పాటలను ఎత్తుకుపోయి తమవి చేసుకున్నారు. 1939 నవంబరులో 'వెరీ వార్మ్ ఫర్ మే' అని ఒక నాటకం వచ్చింది. సంగీతం జెరోమ్ కెర్న్, పాటలు ఆస్కార్ హామర్‌స్టీన్. ఇద్దరూ మహామహులే. 59 ఆటలకు నాటకం మూతపడింది. ఇవాళ దాని కథ చెప్పమంటే అమెరికావాళ్లే తల గోక్కుంటారు. అందులోని 'ఆల్ ద థింగ్స్ యూ ఆర్' మాత్రం జాజ్ నేర్చుకునే ప్రతి పిల్లవాడూ సాధన చేసే పాటైంది. చార్లీ పార్కర్ నుంచి ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ దాకా ఎందరో రికార్డు చేశారు.

1959లో 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' నాటకంలో 'మై ఫేవరిట్ థింగ్స్' అని ఒక చిన్న పాట ఉంది. భయం వేసినప్పుడు ఇష్టమైనవి తలుచుకుని ధైర్యం తెచ్చుకునే పాట. మరుసటి ఏడాదే జాన్ కోల్‌ట్రేన్ సాక్సఫోన్ మీద దాన్ని అందుకుని దాదాపు 14 నిమిషాలు వాయించాడు. నాటకంలోని అమ్మాయి లేదు, మాటలు లేవు, వరస ఒక్కటే ఉంది. దాన్నే తిప్పి తిప్పి ఎక్కడికో తీసుకెళ్లాడు. 1965లో సినిమా వచ్చి అదే పాటను లోకమంతా పిల్లల పాటగా పాడించింది.

ఇలాంటి పాటలను అక్కడ స్టాండర్డ్ అంటారు. ఎవరు పాడినా ముక్క అదే, ఎవరు పాడితే వాళ్లదే. మన పద్యనాటకంలోనూ ఇదే ధర్మం. తిరుపతి వెంకటకవుల పాండవ నాటకాల పద్యాలను ఈలపాట రఘురామయ్య ఒక రకంగా పాడాడు, పీసపాటి నరసింహమూర్తి ఒక రకంగా, షణ్ముఖి ఆంజనేయరాజు ఇంకో రకంగా. పద్యం మారలేదు. ఎవరి పద్యం బాగుందని జనం తెల్లారేదాకా వాదించుకునేవాళ్లు. అయితే ఆ పద్యాలకు కవుల పేర్లు ముద్రలా అతుక్కుని ఉన్నాయి. భామ పాటకు అలా జరగలేదు.

హంపిలో పుట్టిన భామ

1964లో 'రాముడు భీముడు'తో సురేష్ ప్రొడక్షన్స్ మొదలుపెట్టిన రామానాయుడు రెండేళ్లకు పౌరాణికం తలపెట్టాడు. ఎంచుకున్నది 'శ్రీకృష్ణ తులాభారం'. ఆ కథ అప్పటికే తెరకు కొత్త కాదు. 1935లోనే ఋష్యేంద్రమణి భామగా సినిమా వచ్చింది. ఈసారి దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. కృష్ణుడు ఎన్.టి.రామారావు, రుక్మిణి అంజలీదేవి, నారదుడు కాంతారావు. భామ జమున.

జమున బాల్యం గుంటూరు జిల్లా దుగ్గిరాలలో గడిచింది. ఆమె పుట్టింది మాత్రం హంపిలో, 1936లో. అప్పటికి హంపి, కోసిగి రెండూ ఒకే జిల్లా. తెలుగు నాటకానికి పాట నేర్పిన బళ్లారి జిల్లా గడ్డ మీద పుట్టిన పిల్లే ఆ నాటక పాటను తెర మీద ఆడింది. 'వినాయక చవితి'లో అప్పటికే ఒకసారి భామగా మెప్పించిన ఆమె, ఈ సినిమాతో భామ అంటే జమునే అనిపించుకుంది.

సంగీత దర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావు. సినిమాకు కావలసిన పాటలు కొత్తగా రాయించుకోవచ్చు, కవులకు కొదవ లేదు. అయినా ఆ ఘడియకు వచ్చేసరికి స్థానం పాటనే ఉంచారు. నాటకం చూసి వచ్చిన జనం థియేటర్లో దాని కోసమే ఎదురు చూస్తారని తెలియనివాళ్లా వాళ్లు! మగవాడు ఆడగొంతుతో పాడిన పాటను ఇప్పుడు పి.సుశీల పాడింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నాటకంలో పాట ఎంతసేపు సాగాలో జనం చెబుతారు. సినిమాలో రీలు చెబుతుంది. ఎన్నో రకాలుగా అడగగలిగిన ప్రశ్నను కొద్ది నిమిషాల్లో అడగాలి, ఒక్కసారి అడిగింది ఎప్పటికీ అదే. సుశీల ఆ పని గొంతుతో చేసింది. మాట విరుపులో గర్వం, సాగదీతలో ముద్దు, ముగింపులో తిరుగులేని ధీమా. స్థానం భుజంతో, పైటతో చెప్పినవి ఆమె అచ్చులతో, హల్లులతో చెప్పింది. ఒంటి పనిని జమున అందుకుంది. జడ విసురు, ఓరచూపు, కాలి మీద కాలు. ఒక్క మనిషి చేసిన పనిని ఇద్దరు పంచుకున్నారు.

సినిమా పాటను లక్షల మందికి చేర్చింది. చేరుస్తూనే పాత గుర్తులు తుడిచేసింది. 1966 తర్వాత పుట్టినవాళ్లకు అది సుశీల పాట, జమున పాట. కొందరికి పెండ్యాల పాట. నాటకంలోంచి వచ్చిందని తెలిసినవాళ్లు తగ్గిపోయారు. రాసినవాడు ఆ వేషం కట్టిన నటుడని తెలిసినవాళ్లు ఇంకా తగ్గిపోయారు.

ఉగాది రిహార్సలు

కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం. ఈ పడమటి మండలాల్లో నాటకం ఇంకా బతికే ఉంది. సుగ్గికి పోయినవాళ్లు ఉగాదికి ఊరు చేరుకుంటారు. చేతిలో నాలుగు రూపాయలు, ముందు కాస్త తీరిక. ఊరివాళ్లే వేషాలు పంచుకుని హార్మోనియం మేస్త్రిని పెట్టుకుని నేర్చుకుంటారు. పగలంతా చేను పని, రాత్రి గుడి అరుగు మీద పద్యం. అక్షరం రానివాడు కూడా విని విని సీసపద్యం నోటికి పట్టేస్తాడు. మగవేషాలన్నీ ఊరివాళ్లవి. ఆడవేషాలకు మాత్రం డబ్బిచ్చి కళాకారిణులను పిలిపిస్తారు. ఇక్కడ రాఘవ మాట నెగ్గింది. పాట విషయంలో మాత్రం ఆయన మేనమామే నెగ్గాడు.

పిలిచి తెచ్చిన కళాకారిణి భామ వేషం కట్టిందంటే ఆ పాట ఉండాల్సిందే. పొద్దున వచ్చి రాత్రికి ఆడే మనిషి. ఊరివాళ్లతో రిహార్సలు ఉండదు. కానీ ఆ పాటకు రిహార్సలు అక్కర్లేదు. హార్మోనియం మేస్త్రికి వచ్చు, తబలా ఆయనకు వచ్చు, జనానికి వచ్చు. ముక్కూ మొహం తెలియని నలుగురు వాద్యగాళ్లు న్యూయార్కు క్లబ్బులో కలిసి, పాట పేరు చెప్పుకుని వాయించేస్తారు చూడండి, ఇదీ అదే.

ఊరివాళ్ల రిహార్సల్లో మేస్త్రి ఊరికే ఆ వరస పలికిస్తుంటే, చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒక కుర్రాడు అడుగుతాడు.

"మేస్త్రీ, ఈ పాట ఎవురిదంట?"

"సుశీలమ్మది గదప్పా! ఎన్టీరామారావు సినిమాలోది."

"సినిమా రాకముందే మా జేజి నాటకంలో ఇన్నెనంట గదా?"

"అట్లయితే నాకూ తెల్దప్పా. ఆ తబలా ఇట్ల జరుపు."

ఆ మాటలు ఏ ఊరి అరుగు మీదైనా వినిపించేవే. తప్పు మేస్త్రిది కాదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. పాట ఒక్కటే చేతులు మారుతూ ఆయన దాకా వచ్చింది.

జాజ్ పాటలకు ఈ ఇబ్బంది అంత లేదు. ఎవరు రికార్డు చేసినా రాసినవాడి పేరు ప్లేటు మీద వేయాలి, వాటా చెల్లించాలి. 'మై ఫేవరిట్ థింగ్స్'ను కోల్‌ట్రేన్ మాటలు తీసేసి వాయించినా పేరు దానికి వరస కట్టిన రోజర్స్, మాటలు రాసిన హామర్‌స్టీన్‌లదే. మన ఊరి నాటకానికి ప్లేటు లేదు, కాగితం లేదు. ఉన్నది మైకు ఒక్కటే.

ఆ మైకు గురించే ఈ చివరి మాట. రాయలసీమ పల్లెల్లో నాటకం నడుస్తుండగా చదివింపులు వస్తాయి. పాట నచ్చినవాళ్లు యాభయ్యో, వందో, ఐదు వందలో తెచ్చిస్తారు. పద్యం ఆపి మరీ మైకులో చదువుతారు. ఫలానా వీధి ఫలానా వారి మనవడు, భామ వేషధారికి ఇంత. తాత పేరు, ఊరి పేరు, ఇంటిపేరు, ఒక్కటి తప్పిపోదు. ఇచ్చినవాడి పేరు ఊరందరికీ వినపడాలన్నది ఇక్కడి మర్యాద.

అయితే ఆ పాటనే ఇచ్చినవాడి పేరు ఒక్కసారైనా చదవొద్దా? నాటక సమాజాలకూ, హార్మోనియం మేస్త్రులకూ, ఈ పాటకు కూచిపూడి ఆడించే గురువులకూ, బడి పోటీల్లో పిల్లలతో పాడించే టీచర్లకూ, టీవీ పాటల కార్యక్రమాల వాళ్లకూ ఒకటే మనవి. సుశీల పేరు చెప్పండి, జమున పేరు చెప్పండి, పెండ్యాల పేరు చెప్పండి. వాళ్లకు ఆ గౌరవం దక్కాల్సిందే. వాళ్లందరికంటే ముందు, పాట ఎత్తుకోకముందే, ఇంకొక పేరు చెప్పండి: రచన, స్థానం నరసింహారావు, బాపట్ల.